నెలకు ఎనిమిది డాలర్ల అతిమానవులు

2018 వేసవిలో మా ఇంట్లో ఒక పంచాయితీ జరిగింది. వాది మా అబ్బాయి, అప్పటికి వాడి వయసు 11. ప్రతివాది వాళ్ళమ్మ. తీర్పరి స్థానంలో, ఎవరూ కూర్చోమనకపోయినా, నేను కూర్చున్నాను. వివాదమల్లా ఒక్కటే. డీసీ కామిక్సువారు ఆ సెప్టెంబరులో అమెరికాలో మొదలుపెట్టబోతున్న 'డీసీ యూనివర్స్' అనే స్ట్రీమింగ్ సేవకు చందా కట్టడమా, మానడమా?

మావాడి వాదన చాలా పెద్దది, చేతులూపుతూ చేసినది. "నాన్నా, బ్యాట్‌మేన్, సూపర్‌మేన్, రాబిన్, అందరూ ఒకేచోట! సినిమాలు, కార్టూన్లు, కామిక్సు, అన్నీ!" అని వాడు ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. వాళ్ళమ్మ వాదన ఒకే వాక్యం: "ఉన్నవాటికి కడుతున్నది చాలదా?" న్యాయంగా చూస్తే ఆ వాక్యంతోనే విచారణ ముగిసిపోవాలి. కాని తీర్పరికి కూడా ఒక పక్షపాతం ఉంది. 1980లో తెనాలిలో మా నాన్న భుజమ్మీద చెయ్యివేసి తీసుకువెళ్ళగా ఎన్టీ రామారావు 'సూపర్‌మేన్' చూసినవాణ్ణి నేను. మన సూపర్‌మేన్‌కు శక్తి ఏ క్రిప్టాన్ గ్రహం నుంచో రాలేదు, సాక్షాత్తూ ఆంజనేయస్వామి ఇచ్చాడు. ఆ సినిమా బాగుందా అని ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి ఎవరూ అడగరు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో మీకు తెలుసు.

అంచేత తీర్పు ముందే రాసి ఉన్నదని చెప్పాలి. కాని తీర్పుకు కారణాలు చూపాలి కదా! కాగితం, కలం తీసుకుని లెక్కలు మొదలుపెట్టాను. నెల చందా 7 డాలర్ల 99 సెంట్లు. అంటే ఏడాదికి 95 డాలర్ల 88 సెంట్లు. ఒకేసారి ఏడాదికి కడితే 74 డాలర్ల 99 సెంట్లు. అప్పటికింకా మొదలుకాని సేవకు ముందుగానే ఏడాది చందా కట్టినవారికి మరో 3 నెలలు ఉచితం. కొట్టులో కొత్త కామిక్సు సంచిక ఒకటి కొనాలంటే 3 డాలర్ల 99 సెంట్లు అవుతుంది కనుక, ఏడాది చందా ఖరీదు సుమారు 19 సంచికలు. మావాడు 19 సంచికలు రెండు వారాంతాల్లో నమిలేస్తాడు. ఇక దీనిలో ఆలోచించవలసిందేముంది? 21 డాలర్లు మిగిల్చి, పైగా 3 నెలలు సంపాదించిన మేధావిగా నన్ను నేను అభినందించుకుని, ఏడాదికి కట్టేశాను.

ఇక్కడే నా మొదటి పొరపాటు. నేను వేసిన లెక్కలో కూడికలు, గుణకారాలు తప్పలేదు. కాని ఆ లెక్కకు ఆధారమైన వస్తువు అప్పటికి లేదు. ప్రకటనలో ఉన్నవాటిలో సగానికి పైగా 'త్వరలో' అన్న మాట కింద ఉన్నాయి. 'త్వరలో' అన్నదానికి ఏడాది ముందుగా డబ్బు కట్టడమంటే, నచ్చకపోతే మానుకునే హక్కును 21 డాలర్లకు అమ్ముకోవడమే. ఇది నాకు అప్పుడు తట్టలేదు. మా ఆవిడకు తట్టింది కాని, తీర్పు వెలువడ్డాక ఆమె మాట్లాడలేదు. అంతకంటె పెద్ద శిక్ష లేదు.

సెప్టెంబరు 15న, ఆ ఏడాది బ్యాట్‌మేన్ దినంగా జరుపుకున్న శనివారంనాడు, సేవ మొదలైంది. మా ఇంట్లో టీవీ ముందు అందరం కూర్చున్నాం. తెర మీద కొత్తది ఏమీ లేదు! వారు స్వయంగా తీసిన మొదటి ధారావాహిక 'టైటన్స్' అక్టోబరు 12న గాని రాదు. గృహప్రవేశానికి పిలిచి, భోజనాలు వచ్చే నెలలో అన్నట్టుంది. ఉన్నవేమిటంటే, క్రిస్టొఫర్ రీవ్ నటించిన పాత సూపర్‌మేన్ సినిమాలు, 1970లలో లిండా కార్టర్ నటించిన 'వండర్ ఉమన్' ధారావాహిక, కొన్ని కార్టూన్లు, రోజూ డీసీ సంగతులు ముచ్చటించే ఒక కబుర్ల కార్యక్రమం, ఎవరో ఎంచిపెట్టిన కొన్ని కామిక్సు సంచికలు. ఆ సంచికలు కూడా స్థిరంగా ఉండేవి కావు. కొన్ని వచ్చేవి, కొన్ని పోయేవి. ఒక కథ మూడో సంచిక చదివి నాలుగోదాని కోసం వెతికితే అది అరలో ఉంటుందన్న నమ్మకం లేదు.

లేనివి ఏమిటో చూస్తే ఇంకా విచిత్రం. ఆనాడు పిల్లలూ పెద్దలూ ఎక్కువగా మాట్లాడుకుంటున్న 'ఫ్లాష్', 'యారో' ధారావాహికలు అందులో లేవు. అవి సీడబ్ల్యూ చానెల్లో వచ్చి, 2016 నాటి ఒప్పందం ప్రకారం నెట్‌ఫ్లిక్సుకు వెళ్ళేవి. కొత్త సినిమాలేమో థియేటరు దాటాక హెచ్‌బీఓ గుమ్మం తొక్కేవి. డీసీ వీరులందరికీ సొంత ఇల్లు అని చెప్పి కట్టిన ఇంట్లో, సంపాదనపరులైన కొడుకులందరూ వేరే ఊళ్ళలో ఉన్నారన్నమాట. ఇంట్లో మిగిలింది తాతగారు, చిన్నపిల్లలు. తాతగారంటే నాకు ఇష్టమే. కాని మావాడికి?

అక్టోబరు 12 వచ్చింది. మావాడికి తెలిసిన టైటన్స్ అంటే 2003 నుంచి వచ్చిన 'టీన్ టైటన్స్' కార్టూన్, దాని తరువాత వచ్చిన అల్లరి రూపం. రంగురంగుల బొమ్మలు, పిజ్జాలు, వెకిలి పాటలు. నేనూ అదే అనుకున్నాను. తెర మూలన పెద్దలకు మాత్రమే అన్న గుర్తు ఉండనే ఉంది, నేను చదవలేదు. మొదటి భాగంలోనే రాబిన్ ఒక సందులో దొంగలను కొట్టిన తీరు చూసి మా ఆవిడ రిమోట్ అందుకుంది. తప్పు పూర్తిగా నాది. సూపర్‌హీరో అనగానే పిల్లల సరుకు అని అనుకునే అలవాటు, ఆంజనేయుడి వరం నాటి నుంచి నాలో ఉండిపోయింది. అమెరికాలో ఈ కథలు పిల్లలను వదిలి పెద్దల వెంట నడవడం మొదలై అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. అసలీ సేవను ఎవరికోసం కట్టారో నాకు ఆ రాత్రి అర్థమయింది. నాలాంటి వయసువాళ్ళకోసం, చిన్నప్పటి అభిమానాన్ని పెద్దరికంలో ఎర్రరంగు పూసి కొనుక్కునేవాళ్ళకోసం కట్టారు. పందెం వేసింది పిల్లవాడు, సరుకు వచ్చింది తండ్రికి.

మావాడు రెండు రోజులు అలిగాడు. మూడోనాడు వాణ్ణి కూర్చోబెట్టి ఆ అరలోంచి 'బ్యాట్‌మేన్: ది యానిమేటెడ్ సిరీస్' తీసి పెట్టాను. 1992లో మొదలైన కార్టూన్ అది, మొత్తం 85 భాగాలు. వీరు దానిని కొత్తగా శుభ్రం చేసి స్పష్టమైన ముద్రణలో అందించారు. దానిలో రాత్రి దృశ్యాలకు వెనుక కనిపించే నగరాన్ని తెల్లకాగితం మీద గీయలేదు. నల్లకాగితం మీద వెలుగును మాత్రమే దిద్దుకుంటూ వెళ్ళారు. చీకటి ముందే ఉంది, చిత్రకారుడు వెలుగు ఎక్కడ పడుతుందో చెప్పాడంతే. ఆ మాట చెప్పగానే మావాడు ప్రతి భాగాన్నీ ఆపి ఆపి చూడడం మొదలుపెట్టాడు. వాడి డ్రాయింగు పుస్తకాల్లో నల్ల అట్టముక్కలు చేరాయి. జోకరు పక్కన నవ్వుతూ తిరిగే హార్లీ క్విన్ పాత్ర ఏ కామిక్సులోంచీ రాలేదని, ఈ కార్టూన్‌కోసమే పాల్ డీనీ, బ్రూస్ టిమ్ సృష్టించారని, తరువాతే కామిక్సులోకి వెళ్ళిందని తెలుసుకుని వాడు ఎంత ఆశ్చర్యపోయాడో!

మొదటి మూడు నెలలకు నా తీర్పు ఇది: కొత్త సరుకు చూసి చందా కట్టాను, పాత సరుకు నన్ను నిలబెట్టింది. కాని అప్పటికీ నేను దీనిని ఒక మినహాయింపుగానే చూశాను. కొత్తవి వస్తాయిలే, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

కొత్తవి వచ్చాయి కూడా. న్యాయం చెప్పాలి కదా, కొన్ని చాలా బాగున్నాయి. 2019 జనవరిలో 'యంగ్ జస్టిస్' మూడో విడత వచ్చింది. 2013లో ఆగిపోయిన కార్టూన్ అది. అభిమానులు ఏళ్ళ తరబడి అడగగా అడగగా తిరిగి లేచింది. అలా అడిగినవాళ్ళలో చాలామంది అది ఆగేనాటికి స్కూలు పిల్లలై ఉంటారు, తిరిగి వచ్చేనాటికి ఉద్యోగాల్లో చేరి ఉంటారు. ఫిబ్రవరి 15న 'డూమ్ పెట్రోల్' మొదలైంది. 1963 నాటి ఒక వింత కామిక్సు దానికి మూలం. ప్రమాదంలో శరీరం పోగా మెదడు మాత్రం యంత్రదేహంలో మిగిలిన కారు పందేల డ్రైవరు; ఒంటినిండా కట్లు చుట్టుకుని లోపల ఏదో శక్తిని మోస్తూ తిరిగే పాత విమాన చోదకుడు; తన రూపం తన అదుపులో నిలవని ఒకనాటి సినీతార; 64 వ్యక్తిత్వాలు మోస్తున్న యువతి. వీళ్ళందరూ ఒక పాత భవంతిలో ఉంటారు. లోకాన్ని రక్షించడం తరువాత సంగతి, ముందు పొద్దున లేచి మంచం దిగడమే వాళ్ళకు సాహసకృత్యం. పిల్లవాడు పడుకున్నాక నేనూ మా ఆవిడా చూశాం. "ఇది బాగుంది" అన్నది ఆమె. పంచాయితీ జరిగాక ఈ విషయంలో ఆమె పలికిన మొదటి మాట అది. 75 డాలర్లలో 40 ఆ మాటకే చెల్లిపోయాయని నేను లెక్క రాసుకున్నాను.

అటుతరువాత 'స్వాంప్ థింగ్'. ఈ కథ చెప్పకుండా ఆ సేవను తూచలేం.

మే 31, 2019న మొదటి భాగం వచ్చింది. లూసియానా చిత్తడి నేలల్లో జరిగే భయానక కథ. ఉత్తర కరోలినాలోని విల్మింగ్టన్‌లో నిజంగా నీళ్ళతో, చెట్లతో పెద్ద సెట్టు వేసి తీశారు. తెర నుంచి బురద వాసన వస్తున్నట్టుండేది. వారం తిరక్కుండా, రెండో భాగం రాకముందే, ఇక మరో విడత ఉండదన్న వార్త వచ్చింది. అంతకు ముందే 13 భాగాలనుకున్నదాన్ని 10కి కుదించారు. బాగా లేదని ఆపారంటే అర్థం చేసుకోవచ్చు. ఒక్క భాగం చూసిన జనం దాన్ని మెచ్చుకుంటూ ఉండగానే ఆగిపోయింది. మిగిలిన తొమ్మిది భాగాలను, చనిపోయాడని తెలిసిన మనిషి ఉత్తరాలు వారానికొకటి చొప్పున అందుకున్నట్టు, మేం చూశాం.

అప్పుడు నాకు కోపం వచ్చింది. కోపంలోనే కొంత తెలివి కూడా వచ్చింది. ఈ దుకాణం ఎవరిది అని మొదటిసారి ఆలోచించాను. డీసీకి యజమాని వార్నర్ బ్రదర్సు, దానికి యజమాని టైమ్ వార్నర్. ఆ టైమ్ వార్నర్‌ను ఏటీ అండ్ టీ అనే టెలిఫోను సంస్థ 2018 జూన్‌లో, అంటే డీసీ యూనివర్స్ తెరుచుకోవడానికి మూడు నెలల ముందు, కొనేసింది. కొత్త యజమానికి అతిమానవుల కోసం ఒక చిన్న కొట్టు అక్కర్లేదు. హెచ్‌బీఓనూ, వార్నర్ సినిమాలనూ, తక్కిన సర్వాన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చి నెట్‌ఫ్లిక్సుతో తలపడే అంగడి కావాలి. అంటే మేం బ్యాట్‌మేన్ దినంనాడు టీవీ ముందు కూర్చునేటప్పటికే ఆ చిన్న కొట్టు అద్దె గడువు ముగింపు కొచ్చింది. ఇదేమీ రహస్యం కాదు. ఆ కొనుగోలు వార్త అన్ని పత్రికల్లోనూ మొదటి పుటలో వచ్చిందే. నేను చదివాను. రెండింటినీ కలిపి ఆలోచించలేదు, అంతే. 75ను కామిక్సు సంచిక ఖరీదుతో భాగించిన బుర్ర, కొట్టు తలుపు మీద కొత్త యజమాని పేరు చూడలేకపోయింది!

కాని ఆ ఏప్రిల్‌లోనే మరొకటి జరిగింది. అప్పట్లో దాన్ని నేను అంతగా పట్టించుకోలేదు. వంతులవారీగా వచ్చిపోయే కొద్దిపాటి సంచికల స్థానంలో, 20,000కు పైగా కామిక్సును చందాదారులకు తెరిచి పెట్టారు. అచ్చయి ఏడాది దాటినవి మాత్రమే ఉండేవి. నేను దాన్ని పెళ్ళిభోజనంలో తాంబూలంలా చూశాను. ఉంటే మంచిదే, లేకపోయినా ఎవరూ అడగరు.

2020 మార్చిలో స్కూళ్ళు మూతపడ్డాయి. మావాడికి 13. న్యూజెర్సీలో మేం ఇల్లు కదలని రోజులు. వాడు టాబ్లెట్ పట్టుకుని ఆ అరల్లోకి దిగాడు. మొదట నేను పట్టించుకోలేదు. ఒకరోజు భోజనాల దగ్గర, "నాన్నా, మనం టీవీలో చూసిన చెట్ల మనిషి లేడూ, వాడు అసలు మనిషే కాడట, తెలుసా?" అన్నాడు. స్వాంప్ థింగ్ ధారావాహిక ఎందుకాగిందో తెలుసుకుందామని మొదలుపెట్టి, వాడు మూలకథలోకి వెళ్ళిపోయాడు. 1971లో లెన్ వీన్, బెర్నీ రైట్‌సన్ కలిసి ఆ పాత్రను సృష్టించారు. 1984లో అలన్ మూర్ అనే ఇంగ్లీషు రచయిత చేతికి ఆ కథ వచ్చింది. అప్పటిదాకా పాఠకులు అనుకున్నదేమిటంటే, ఒక శాస్త్రజ్ఞుడు ప్రమాదంలో బురదలో పడి చెట్టుమనిషిగా మారాడని, ఎప్పటికైనా తిరిగి మనిషి కావాలని తపిస్తున్నాడని. మూర్ ఆ ఆశను ఒక్క సంచికలో తుంచేశాడు. శాస్త్రజ్ఞుడు ఎప్పుడో చనిపోయాడు. అతని జ్ఞాపకాలను పీల్చుకున్న మొక్కలు తామే అతనని భ్రమపడ్డాయి. తిరిగి మనిషి కావడానికి అక్కడ మనిషే లేడు.

13 ఏళ్ళ పిల్లవాడు దీన్ని నాకు అన్నం కలుపుకుంటూ చెప్పాడు. అలా చెప్పి, "అయితే మరి వాడి బాధ అబద్ధమా?" అని అడిగాడు. నేను బేతాళ కథలు చదివి పెరిగినవాణ్ణి. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి చెక్కలవుతుందని విక్రమార్కుడికి బెదిరింపు. సమాధానం తెలియనివాడికి ఏమవుతుందో ఆ బేతాళుడు చెప్పలేదు. ఆ రాత్రి నుంచి వాడూ నేనూ కలిసి చదవడం మొదలుపెట్టాం. వాడు ముందు చదివేవాడు, నేను వెనకాల. కొన్ని సంచికలు ఆ వయసుకు తగనివి ఉన్నాయి, అవి నేను ముందు చదివి చెప్పేవాణ్ణి. ఈసారి మూలన ఉన్న గుర్తులన్నీ చదివాను లెండి. ఆ వేసవిలో నేను లెక్క వేయలేదు గాని, కట్టిన డబ్బు ఎన్నోసార్లు తీరిపోయి ఉంటుంది. తెర మీద రద్దయిన కథ, 35 ఏళ్ళ కిందటి కాగితం మీద నిక్షేపంగా ఉంది. దాన్ని ఎవరూ 13 నుంచి 10కి కుదించలేదు.

ఇంతలో కొట్టు సర్దడం మొదలైంది. 2020 మేలో హెచ్‌బీఓ మ్యాక్స్ తెరుచుకుంది. ఆ నెలలోనే వచ్చిన 'స్టార్‌గర్ల్' డీసీ యూనివర్స్‌లో ఒకరోజు, మర్నాడు ఉచితంగా సీడబ్ల్యూ చానెల్లో కనిపించింది. ఆగస్టులో డీసీలో పెద్దయెత్తున ఉద్యోగాలు పోయాయి. సెప్టెంబరులో అధికారికంగా చెప్పారు. 2021 జనవరి 21 నుంచి డీసీ యూనివర్స్‌లో సినిమాలు, ధారావాహికలు ఉండవు. అవి హెచ్‌బీఓ మ్యాక్స్‌కు వెళతాయి. కామిక్సు మాత్రం 'డీసీ యూనివర్స్ ఇన్ఫినిట్' అన్న పేరుతో మిగులుతుంది. పాత చందాదారులు కొద్దిపాటి అదనపు రుసుము కడితే కొత్త అంగడిలోకి రావచ్చు. సెప్టెంబరు 2018 నుంచి జనవరి 2021 వరకు, రెండేళ్ళ నాలుగు నెలలు. ఏ వస్తువుల కోసమైతే ఏడాది చందా కట్టానో అవన్నీ బండి ఎక్కి వెళ్ళిపోయాయి. నేను తాంబూలం అనుకున్నది ఒక్కటే విస్తరిలో మిగిలింది. 24,000 సంచికలకు పైగా ఉన్న తాంబూలం.

బండి ఎక్కి వెళ్ళినవైనా సుఖపడ్డాయా అంటే, అదీ లేదు. 2022లో మళ్ళీ యజమాని మారాడు, డిస్కవరీ వచ్చి కలిసింది. దాదాపు పూర్తయిన 'బ్యాట్‌గర్ల్' సినిమాను విడుదల చేయకుండానే అటకెక్కించారు. 'టైటన్స్', 'డూమ్ పెట్రోల్' నాలుగేసి విడతలతో 2023లో ముగిసిపోయాయి. హార్లీ క్విన్ ఒక్కతే అన్ని ఇళ్ళూ మారుతూ బతికి బట్టకట్టింది. అది ఆమె స్వభావం.

ఇదంతా చూస్తున్నప్పుడు నాకు తెనాలిలో మా వీధి చివరి అద్దె పుస్తకాల కొట్టు గుర్తుకు వచ్చేది. మీలో చాలామందికి అటువంటి కొట్టు ఒకటి ఉండే ఉంటుంది. పదిరూపాయల డిపాజిటు, రోజుకు పావలా అద్దె. ముందువరసలో కొత్తగా వచ్చిన సీరియల్ నవలలు, మధుబాబు షాడో. వెనకవరసలో బైండు చేసిన పాత చందమామలు, బొమ్మరిల్లు, బాలమిత్ర. అందరం ముందువరస కోసమే వెళ్ళేవాళ్ళం. కొత్త షాడో ఎవరి చేతిలో ఉందో, ఎప్పుడు తిరిగి ఇస్తారో కనుక్కుంటూ కొట్టు ముందు నిలబడేవాళ్ళం. అది దొరకనినాడు, ఉత్తచేతులతో వెళ్ళడం ఇష్టంలేక, వెనకవరసలోంచి ఒక బైండు తీసుకునేవాణ్ణి. ఈరోజు నాకు జ్ఞాపకమున్న కథలన్నీ ఆ ఉత్తచేతుల రోజులవే. కొట్టాయన వయసుమీదపడి కొట్టు ఎత్తేస్తూ, డిపాజిటు తిరిగి ఇచ్చే బదులు తలా ఒక పుస్తకం తీసుకోమన్నాడు. మిగిలినవి తూకానికి వెళ్ళాయి. నేను తీసుకున్న బైండు మా అమ్మ పెట్టెలో ఉంది, మొదటి పుట లేదు.

అద్దె చెడ్డదని నేను అనను. అద్దె కొట్టు లేకపోతే నేను చదువుకునేవాణ్ణే కాను. జాలంలో చందా అంటే చిరాకుపడే మిత్రులు, మనం ఏ వస్తువూ సొంతం చేసుకోవడం లేదని వాపోతుంటారు. నిజమే, కాని చిన్నప్పుడు మాత్రం ఏం సొంతమైంది? తేడా ఒక్కచోటే ఉంది. ఆ కొట్టాయన పోతూ పోతూ ఒక బైండు చేతిలో పెట్టాడు. తెర మీది కొట్టు మూసేటప్పుడు చేతిలో పెట్టడానికి వస్తువంటూ ఉండదు.

ఇప్పుడు ఎవరైనా, ఫలానా సూపర్‌హీరోల సేవ కొత్తగా వస్తోంది, చందా కట్టవచ్చా అని నన్ను అడిగితే, ముందు అందులో ఈ రోజు ఏముందో చూడమంటాను. 'త్వరలో' అన్న మాట కింద ఉన్నవాటినన్నింటినీ అరచేత్తో మూసి, మిగిలినదాని ఖరీదు కట్టమంటాను. కొట్టు ఎవరిదో, ఆ యజమానికి అదే వ్యాపారమో లేక నూరు వ్యాపారాల్లో ఒకటో కనుక్కోమంటాను. ఎంత తగ్గింపు ఇచ్చినా మొదటి ఏడాది నెలనెలా కట్టమంటాను. ఆ ఎక్కువ కట్టిన 21 డాలర్లు, నచ్చకపోతే లేచిపోయే స్వేచ్ఛకు ఇచ్చిన అద్దె అనుకోవాలి. అన్నిటికంటె ముఖ్యంగా, వెనకవరస ఎంత పెద్దదో చూడమంటాను. డీసీ యూనివర్స్‌ను ఈ తూకంలో మొదటిరోజే వేసి ఉంటే, 2018 సెప్టెంబరులో 'వద్దు' అనీ, 2019 ఏప్రిల్ తరువాత 'తప్పకుండా' అనీ తేలేది. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను: వద్దనవలసినప్పుడు ఏడాదికి కట్టాను, అవునవలసినప్పుడు రద్దు చేద్దామా అని గొణిగాను.

కట్టి తప్పు చేశానా అంటే, కట్టకపోతే ఆ అన్నం కలుపుకుంటూ అడిగిన ప్రశ్న మా ఇంట్లో పుట్టేది కాదు. దీన్ని ఏ పద్దులో రాయాలో నాకు తెలియలేదు. అందుకే కాగితం, కలం మళ్ళీ తీయలేదు.

మావాడు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు. వెళ్ళేముందు, వేసవి ఉద్యోగంలో సంపాదించిన డబ్బుతో, మూర్ రాసిన స్వాంప్ థింగ్ సంపుటం మొదటిది కాగితం మీద అచ్చయినది కొనుక్కున్నాడు. టాబ్లెట్‌లో ఉండగా మళ్ళీ ఎందుకురా అన్నాను. "ఇది ఎవరూ తీసుకుపోరు నాన్నా" అన్నాడు. కిందటి వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు, ఇద్దరం మిగిలినవి చదువుదామని ఇన్ఫినిట్‌కు చందా కట్టమన్నాడు. ఒక నెలకు కట్టాను. మా ఆవిడ పక్కనే నిలబడి, నేను 'ఏడాదికి' అన్న బొత్తాం నొక్కకుండా చూసింది.